అవ్వ పాటకు అరచేతి పెట్టె – ఇంట్లో చేసుకునే మైక్ ప్రీఆంప్



మన సంచిక తెరిస్తే కవితలుంటాయి, హాస్టల్ జ్ఞాపకాలుంటాయి, పెద్దల శుభాకాంక్షలుంటాయి. ఈసారి వాటి నడుమ ఒక పనిముట్టు గురించి రాస్తానని అడిగి మరీ చోటు తీసుకున్నాను. ఇది కంపాస్ బాక్సులో ఇమిడేంత చిన్న పెట్టె. దీని పూర్తి పేరు మైక్రోఫోన్ ప్రీఆంప్లిఫయర్, వాడుకలో ప్రీఆంప్. పదో తరగతి కరెంటు పాఠం అర్థమైనవాళ్ళు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడానికి భయపడనివాళ్ళు రెండు ఆదివారాల్లో చేసుకోగలరు.

ఎందుకు చేసుకోవాలో ముందు చెప్పాలి. మన ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళల్లో బీడీల చాట ముందేసుకొని కూర్చున్న అవ్వలను అడిగి చూడండి. ఒక్కొక్కరి నోట్లో ఎన్ని బతుకమ్మ పాటలు, ఎన్ని నాట్ల పాటలు, ఎన్ని పెండ్లి పాటలు ఉన్నాయో లెక్క తేలదు. అవి ఏ పుస్తకంలోనూ లేవు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు గారి ఒగ్గుకథ పేరు దూరదూరాలకు పోయింది. కాని ప్రతి ఊరి ఒగ్గు కళాకారుడికీ ఆ గుర్తింపు దొరకలేదు. డక్కలివాళ్ళు మాదిగవాడల్లో చెప్పే జాంబపురాణం తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. మన తాతముత్తాతల గురించి రాసినవాళ్ళు తక్కువ. కాబట్టి మనకు సంబంధించినంత వరకు గొంతులే రికార్డులు. ఆ గొంతు పోతే కాగితం కూడా మిగలదు.

“అన్నా, ఫోన్ ఉంది కదా, దాంట్లో రికార్డు చేస్తే పోదా?” అని మీరు అడుగుతారు. చెయ్యండి. ఏమీ లేకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. కాని ఒక్కసారి అట్లా రికార్డు చేసిన పాటను ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినండి. అవ్వ గొంతు వెనుక బుస కొడుతున్నట్టు ఒక శబ్దం వినిపిస్తుంది. అవ్వ ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే ఆ బుస పైకి లేస్తుంది, పాట అందుకోగానే కిందికి దిగుతుంది. శబ్దం తగ్గినప్పుడల్లా ఫోను తనంతట తానే బలం పెంచడం వల్ల వచ్చే తంటా ఇది. పైగా చాలా ఫోన్లలో మాటను ఉంచి మిగిలినదాన్ని గోలగా లెక్కగట్టి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఫోన్ మాట్లాడేటప్పుడు అది మంచిదే. డప్పు రికార్డు చేస్తే మాత్రం, ఒకే తీరుగా మోగే ఆ దరువునే గోల అనుకొని కోసేస్తుంది.

అసలు చిక్కు ఎక్కడుందో అంకెల్లో చూద్దాం. అంగడిలో దొరికే చిన్న గుండీ మైకు, షాపులవాళ్ళు ‘కండెన్సర్ మైక్’ అనేది, తీసుకుందాం. ఒక అడుగు దూరంలో మామూలుగా మాట్లాడే మనిషి మాటకు దాని నుంచి వచ్చే కరెంటు సంకేతం సుమారు అర మిల్లీవోల్టు. రికార్డర్ల ‘లైన్ ఇన్’ అనే రంధ్రం ఎదురుచూసేది దాదాపు 300 మిల్లీవోల్టులు. అంటే కొన్ని వందల రెట్ల తేడా. ఈ తేడాను ఎక్కడో ఒకచోట పూడ్చాలి. చవక రికార్డర్లు, ఫోన్లు తమ లోపల పూడ్చుకుంటాయి, కాని ఆ పని చేసే లోపలి భాగం చవకది కాబట్టి తన బుసను కూడా కలిపేస్తుంది.

లోటాడు పాలలో గరిటెడు నీళ్ళు పోస్తే వెంటనే తెలిసిపోతుంది. అదే గరిటెడు నీళ్ళు బిందెడు పాలలో పోస్తే నాలుకకు తెలియదు. రికార్డరు కలిపే బుస ఎప్పుడూ ఒక గరిటెడే. మనం చెయ్యాల్సింది పాలను ముందే బిందెడు చెయ్యడం. మైకు పక్కనే, బుస కలవకముందే, సంకేతాన్ని శుభ్రంగా పెద్దది చేసి రికార్డరుకు పంపితే రికార్డరు బుస లెక్కలోకి రాదు. ప్రీఆంప్ అంటే ఇంతే.

ఇక్కడ ఆ గుండీ మైకు పుట్టుక చెప్పకుండా ముందుకు పోలేను. పాతకాలం కండెన్సర్ మైకులకు బయట నుంచి ఎక్కువ వోల్టేజి ఇవ్వాల్సి వచ్చేది. ఇనుములో అయస్కాంతశక్తి నిలిచినట్టే, పల్చటి ప్లాస్టిక్ రేకులో విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలపవచ్చని, దానితో చవకగా మైకు చెయ్యవచ్చని 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఇద్దరు చేసి చూపించారు. ఒకరు జర్మనీ నుంచి వచ్చిన గెర్హార్డ్ సెస్లర్. మరొకరు జేమ్స్ వెస్ట్ అనే నల్లజాతి శాస్త్రవేత్త. 1964లో వాళ్ళకు పేటెంటు వచ్చింది. ఈ రకం మైకును ‘ఎలక్ట్రెట్’ అంటారు. తరువాతి దశాబ్దాల్లో టేప్ రికార్డర్లు, టెలిఫోన్లు, వినికిడి యంత్రాలు అన్నిటిలోకి అదే చేరింది.

వెస్ట్ 1931లో వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో పుట్టాడు. ఫిజిక్స్ చదువుతానంటే ఇంట్లోవాళ్ళు భయపడ్డారట, నల్లవాడికి ఆ చదువుకు ఉద్యోగం ఎవరిస్తారని. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. నల్ల పిల్లలను తెల్ల పిల్లలతో కలిపి కూర్చోబెట్టాలని కోర్టు చెబితే, అట్లా కూర్చోబెట్టడం ఇష్టం లేక ఆ కౌంటీ 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. అంటే వెస్ట్ ఈ మైకు కనిపెట్టిన 1962లో ఆయన పుట్టిన చోట పిల్లలకు సర్కారు బడి లేదు. మన హాస్టల్ గోడల మధ్య చదువుకున్నవాళ్ళకు ఈ ముక్కను విడమరచి చెప్పనక్కరలేదు. మైకు విప్పినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది, అందుకే రాశాను.

మళ్ళీ పనిలోకి వద్దాం.

వస్తువులు ఎక్కడ దొరుకుతాయంటే, హైదరాబాదు పోయేవాళ్ళుంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. అంతదూరం పోలేకపోతే మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలలో టీవీ, రేడియో రిపేరు చేసేవాళ్ళను అడగండి. రెసిస్టెన్సులు, కండెన్సర్లు వాళ్ళ డబ్బాల్లో ఉంటాయి. పాడైపోయిన టేప్ రికార్డరు ఇంట్లో ఉంటే దాని ముందు భాగంలో చిన్న జాలీ వెనుక గుండీ మైకు ఉంటుంది, విప్పుకోండి. గల్ఫ్ పోయిన నాన్నలకు, మామలకు ఇంటి ముచ్చట్లు క్యాసెట్లో నింపి పంపింది అలాంటి మైకులతోనే. మొత్తం మీద ఇవన్నీ చిల్లర వస్తువులు. మంచి బ్యాటరీయే వాటిలో ఖరీదైనది కావచ్చు.

ముఖ్యమైనది ఒక ఐసీ. టీఎల్ 072 అనే ఎనిమిది కాళ్ళ ఐసీ తీసుకోండి. పాత ఎలక్ట్రానిక్స్ పత్రికల్లో ఒక్క బీసీ 547 ట్రాన్సిస్టర్‌తో చేసే ప్రీఆంప్ బొమ్మలు కనిపిస్తాయి. అవీ పనిచేస్తాయి, కాని ట్రాన్సిస్టర్ ట్రాన్సిస్టర్‌కు బలం మారుతుంది, సరిచేసుకోవడం కొత్తవాళ్ళకు ఇబ్బంది. ఐసీలో అయితే ఎన్ని రెట్లు పెంచాలో మనం పెట్టే రెండు రెసిస్టెన్సులే నిర్ణయిస్తాయి. ఇంకా ఖరీదైన, బుస తక్కువ ఐసీలు ఉన్నాయి. వాటి మీద డబ్బులు పెట్టవద్దని నా సలహా. గుండీ మైకు తనంతట తాను చేసే బుస టీఎల్ 072 బుస కన్నా ఎక్కువ. ఐసీ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా మైకు బుస తగ్గదు. డబ్బులుంటే మంచి మైకు గుండీకి పెట్టండి.

బొమ్మ వెయ్యడం లేదు. శబ్దం పోయే దారి చెబుతాను, చదువుతూ కాగితం మీద మీరే గీసుకోండి. అట్లా గీసుకున్నది మరిచిపోరు.

9 వోల్టుల చదరపు బ్యాటరీ. దాని ప్లస్ ఒక స్విచ్ గుండా ఐసీ 8వ కాలుకు, మైనస్ 4వ కాలుకు. ఈ మైనస్సే మన ఎర్త్. స్విచ్ తరువాత ప్లస్‌కు, ఎర్త్‌కు నడుమ 100 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఒకటి.

ఐసీకి మామూలుగా ప్లస్, మైనస్ రెండు బ్యాటరీలు కావాలి. మనకు ఒక్కటే ఉంది కాబట్టి సగం వోల్టేజిని తయారుచేసుకోవాలి. ప్లస్ నుంచి ఎర్త్‌కు రెండు 10 కిలో ఓముల రెసిస్టెన్సులు వరుసగా కలిపితే నడుమ నాలుగున్నర వోల్టులు వస్తాయి. ఆ నడుమ బిందువు నుంచి ఎర్త్‌కు 47 మైక్రోఫారడ్ల కండెన్సర్ పెడితే అది ఊగకుండా నిలకడగా ఉంటుంది. దాన్ని ‘నడిమి’ అందాం.

ఇప్పుడు మైకు. దాని లోపల చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది, దానికి కొంచెం కరెంటు కావాలి. ప్లస్ నుంచి 1 కిలో ఓము, దాని చివర నుంచి ఎర్త్‌కు 100 మైక్రోఫారడ్ల కండెన్సర్, అక్కడి నుంచి 4.7 కిలో ఓము, దాని చివర మైకు ప్లస్. మైకు వెనుక రెండు టంకం చుక్కలుంటాయి. అందులో పై రేకు గిన్నెకు అంటుకొని ఉన్నది ఎర్త్, రెండోది ప్లస్. ఇదొక్కటి సరిగా చూసుకోండి.

మైకు ప్లస్ నుంచి 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ గుండా ఐసీ 3వ కాలుకు. అదే 3వ కాలు నుంచి నడిమికి 100 కిలో ఓములు. ఐసీ 1వ కాలు నుంచి శబ్దం బయటికి వస్తుంది. 1వ కాలు నుంచి 2వ కాలుకు 10 కిలో ఓములు, దానితో వరుసగా 100 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోల్. 1, 2 కాళ్ళ నడుమ వీటికి అడ్డంగా 47 పికోఫారడ్ల చిన్న కండెన్సర్. ఇది పెట్టకపోతే చెవికి వినపడని ఎత్తు శబ్దాల్లో ఐసీ తనంతట తాను మోగవచ్చు. 2వ కాలు నుంచి 1 కిలో ఓము, దాని చివర 22 మైక్రోఫారడ్ల కండెన్సర్ ప్లస్, దాని మైనస్ ఎర్త్‌కు.

బలం లెక్క సులువు. పైన ఉన్న ఓములను కింది 1 కిలో ఓముతో భాగించి ఒకటి కలపాలి. కంట్రోల్ పూర్తిగా తగ్గిస్తే 10 భాగించు 1, దానికి ఒకటి కలిపితే 11 రెట్లు. పూర్తిగా పెంచితే 110కి ఒకటి కలిపి 111 రెట్లు. 22 మైక్రోఫారడ్ల కండెన్సర్ నిలకడ కరెంటును ఆపుతుంది కాబట్టి బ్యాటరీ వోల్టేజి పెరగదు, శబ్దం ఒక్కటే పెరుగుతుంది.

ఇక బయటికి. 1వ కాలు నుంచి 100 ఓములు, తరువాత 10 మైక్రోఫారడ్ల కండెన్సర్ (ప్లస్ ఐసీ వైపు), అక్కడి నుంచి ఈపీ సాకెట్. సాకెట్ దగ్గర ఎర్త్‌కు 47 కిలో ఓములు పెడితే తీగ గుచ్చినప్పుడు టప్పుమనదు. ఐసీలో రెండో సగం మిగిలిపోతుంది కదా, దాన్ని గాలికి వదలవద్దు. 5వ కాలును నడిమికి, 6ను 7కు కలిపేయండి. రెండో మైకు పెట్టాలనుకున్న రోజు అది పనికొస్తుంది.

ఐసీని నేరుగా టంకం పెట్టకుండా ‘ఐసీ బేస్’ పెట్టి అందులో గుచ్చండి. మైకు గుండీ మీద ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనించవద్దు. ఎక్కువ వేడి తగిలితే ఆ రేకులో నిలిపిన ఆవేశం తగ్గుతుంది, మైకు మూగబోతుంది.

అన్నీ అయ్యాక ఐసీ గుచ్చకముందే బ్యాటరీ పెట్టి మల్టీమీటర్‌తో చూడండి. 8వ కాలు దగ్గర 9, నడిమి దగ్గర నాలుగున్నర, మైకు ప్లస్ దగ్గర 6 నుంచి 8 లోపల ఉండాలి. మైకు దగ్గర కూడా 9 చూపిస్తే మైకు దాకా తీగ కలవలేదని, సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్ అయిందని అర్థం. స్విచ్ ఆపి ఐసీ గుచ్చి మళ్ళీ చూడండి. 1వ కాలు దగ్గర నాలుగున్నర దరిదాపుల్లో ఉంటే మీ ప్రీఆంప్‌కు ప్రాణం వచ్చినట్టే. ఇది తాగే కరెంటు నాలుగు మిల్లీఆంపియర్ల లోపే. ఆల్కలైన్ బ్యాటరీ వంద గంటలు దాటి వస్తుంది. 7 వోల్టులకు పడితే మార్చండి, లేకపోతే గొంతు గరగరమంటుంది.

పెట్టె విషయంలో మాత్రం ప్లాస్టిక్ డబ్బా వాడవద్దు. మన చేతిలో, గోడలో, ట్యూబులైటు దగ్గర ఎక్కడ చూసినా కరెంటు మోత ఉంటుంది. ప్లాస్టిక్ దాన్ని ఆపదు. మన అందరి దగ్గరా ఉండే రేకు కంపాస్ బాక్సు దీనికి దివ్యంగా సరిపోతుంది. లోపల ఒకచోట రంగు గీకి ఎర్త్ తీగ గట్టిగా కలపాలి. బోర్డు కింద దళసరి అట్టముక్క వేస్తే షార్ట్ కాదు. మైకుకు పోయే తీగ షీల్డ్ వైరే ఉండాలి, వీలైనంత పొట్టిగా ఉండాలి. అడాప్టరు మీద నడపాలన్న ఆశ పెట్టుకోవద్దు, బ్యాటరీ ఇచ్చే నిశ్శబ్దం చవక అడాప్టరు ఇవ్వదు. పక్కన 2జీ మీద నడిచే చిన్న ఫోను ఉంటే టకటకమని కొడుతుంది, దూరం పెట్టండి.

రికార్డరు లైన్ ఇన్‌కు కలిపితే పూర్తి లాభం. రికార్డరులో ఆటోమేటిక్ అని ఉంటే ఆపేసి, దాని బలం తక్కువలో పెట్టి, ప్రీఆంప్ బలం పెంచండి. ఇంతకుముందు చెప్పిన పాల లెక్క ఇక్కడే పనిచేస్తుంది. ఫోన్‌కు నేరుగా కలిపితే దాని మైకు రంధ్రం ఇంత బలాన్ని తట్టుకోదు, మాట పగిలిపోతుంది. బలాన్ని మళ్ళీ తగ్గించి ఇవ్వాలంటే మనం చేసిన పనిలో సగం వృథా.

అవ్వ పాటకు, డప్పుకు ఒకే కొలత పనికిరాదు. అవ్వ మెల్లగా పాడుతుంది. మైకు అడుగు దూరంలో, నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టి బలం పూర్తికి దగ్గరగా పెంచవచ్చు. పక్కకు ఎందుకంటే ‘ప’, ‘బ’ అన్నప్పుడు వచ్చే గాలి మైకుకు కొట్టకుండా. డప్పు దగ్గర అదే మైకు నుంచి యాభై మిల్లీవోల్టులు దాటి రావచ్చు. దాన్ని 111 రెట్లు చేస్తే ఐదు వోల్టులు దాటాలి, మన ఐసీ అటు మూడు ఇటు మూడు వోల్టులకు మించి ఇవ్వలేదు. దెబ్బ తల తెగిపోయి చప్పగా వినిపిస్తుంది. డప్పుకు బలం పూర్తిగా తగ్గించి రెండు మూడు గజాలు వెనక్కి జరగండి. ఒగ్గుకథకు ఇదే కష్టం: కథకుడి మాటా కావాలి, డోలూ కావాలి. మైకును కథకుడి వైపు జరిపి, డోలు మోగే సమయాన్ని లెక్కగా పెట్టుకొని బలం సర్దడమే దారి.

గోదావరి ఒడ్డు ఊళ్ళల్లో ఆరుబయట చేస్తే గాలి పెద్ద శత్రువు. పాత హెడ్‌ఫోన్ స్పాంజి మైకుకు తొడిగి, దాని మీద ఉన్ని సాక్సు ముక్క కట్టండి. ఇంకా దడదడమంటే 0.1 మైక్రోఫారడ్ బదులు 0.022 పెట్టండి, లోతు శబ్దాలు తగ్గి మాట నిలుస్తుంది. డప్పుకు మాత్రం ఆ మార్పు చెయ్యవద్దు, దాని అడుగు దెబ్బే పోతుంది.

సామాన్ల గురించి ఇంత రాశాక ఒక ఉదాహరణ. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపిన సంగం రేడియో గురించి వినే ఉంటారు. 1998లోనే వాళ్ళకు రికార్డింగు గది వచ్చింది, ప్రసారానికి అనుమతి మాత్రం లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో గాని రాలేదు. ఆ పదేళ్ళు వాళ్ళు ఊరుకోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, మందుమాకుల సంగతులు క్యాసెట్లలో నింపి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలయ్యేనాటికి వాళ్ళ దగ్గర చెప్పడానికి బోలెడంత పోగై ఉంది. వాళ్ళు వాడింది కంపాస్ బాక్సు ప్రీఆంప్ కాదు, మంచి సామానే. కాని పెద్ద చదువులు లేని ఆడవాళ్ళే మైకు పట్టి, మీటరు చూసి, మాట కోసి అతికించారు. మనం పదో తరగతి దాటినవాళ్ళం.

రికార్డు చేసే ముందు అడగండి. “అవ్వా, నీ పాట దాచిపెట్టుకుంటం, నలుగురికి వినిపియ్యమంటవా?” అని మాట తీసుకోవాలి. కొన్ని పాటలు ఇంట్లోవే, కొన్ని ఏడుపులు బయటికి పోకూడదు. వద్దంటే ఆమె ముందే చెరిపెయ్యండి. సరేనంటే మొదట తేదీ, ఊరు, పాడేవాళ్ళ పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో మాటల్లోనే చెప్పించండి. తరువాత ఫైలు పేరు మారినా ఆ వివరం గొంతులోనే ఉంటుంది. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. ఒక మైకుతో నిమిషానికి సుమారు 5 ఎంబీ పడుతుంది, ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. రెండు చోట్ల దాచాలి, అందులో ఒకటి పాడినవాళ్ళ ఇంట్లోనే ఉండాలి. రెండోది పెన్‌డ్రైవులో వేసి, కవరు మీద ఊరి పేరు, సంవత్సరం రాసి, వార్డెన్ గారిని అడిగి మన హాస్టల్ బీరువాలో పెట్టవచ్చు.